డిస్క్ బాగా జారింది, ఆపరేషన్ చేయించుకోవాలా? నిర్ణయానికి సమగ్ర మార్గదర్శి

ఎంఆర్ఐ రిపోర్టులో 'లార్జ్ డిస్క్ ఎక్స్‌ట్రూజన్' (పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ బాగా బయటికి పొడుచుకురావడం), 'సివియర్ నర్వ్ రూట్ కంప్రెషన్' (నరం మొదలు గట్టిగా నొక్కుకుపోవడం) అన్న మాటలు కనబడగానే ఇంట్లో రెండు వాదనలు మొదలవుతాయి. వెంటనే ఆపరేషన్ చేయించుకోకపోతే కాలు పడిపోతుందని ఒకరంటారు. వెన్నుపూస మీద కత్తి పెడితే ఇక మంచం పట్టడమేనని ఇంకొకరంటారు. రెండూ రిపోర్టు చూసి పుట్టిన భయాలే. నిజానికి తేల్చుకోవలసినవి నాలుగు: నరం ఇప్పుడు ఎంతవరకు పనిచేస్తోంది, నొప్పి నడుములో ఎక్కువా కాలులో ఎక్కువా, ఎన్ని వారాలైంది, స్కాన్‌లో కనబడిన చోటుకూ కాలులో పడే బాధకూ పొంతన ఉందా. వీటికి జవాబులు దొరికితే చాలామందికి దారి దానంతటదే తేలిపోతుంది.

ఇక్కడ చెప్పేది నడుము డిస్కుల గురించి. మెడ డిస్కుల లెక్క వేరు, దాని గురించి చివర్లో కొంత చెప్పాం.

మొదటి మెట్టు: ఇది ఎమర్జెన్సీనా?

మిగతావన్నీ తర్వాత. ముందు ఈ ప్రశ్నలు అడగండి, సిగ్గుపడకుండా జవాబు చెప్పండి.

- మూత్రం నిండిన సంగతి తెలియడం లేదా? ఎంత ముక్కినా ధార రావడం లేదా? తెలియకుండా కారిపోతోందా?
- విరేచనం తర్వాత కడుక్కునేటప్పుడు అక్కడ చేతి స్పర్శ తెలియడం లేదా? మర్మాంగాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారిందా?
- నొప్పి గానీ బలహీనత గానీ ఒక కాలి నుంచి రెండు కాళ్లకూ పాకిందా?
- లైంగిక స్పర్శ ఉన్నట్టుండి తగ్గిందా?

వీటిలో ఏ ఒక్కటి కొత్తగా మొదలైనా తెల్లారేదాకా ఆగకండి. నడుము కింది భాగంలోని నరాల కట్ట మొత్తం నొక్కుకుపోతే వచ్చే ఈ పరిస్థితిని కాడా ఎక్వైనా సిండ్రోమ్ అంటారు. ఎంఆర్ఐ, న్యూరోసర్జన్ లేదా స్పైన్ సర్జన్ రెండూ ఉన్న ఆసుపత్రికి నేరుగా వెళ్లండి. మధ్యలో చిన్న ఆసుపత్రిలో ఆగి నొప్పి ఇంజెక్షన్ వేయించుకుంటే పోయేది సమయమే. అక్కడ మూత్రం పోశాక మూత్రాశయంలో ఎంత మిగిలిందో స్కాన్‌తో చూస్తారు. 200 మి.లీ. దాటితే అనుమానం బలపడుతుంది. ఎంఆర్ఐలో ఖాయమైతే వీలైనంత త్వరగా ఆపరేషన్ చేయాలి. లక్షణాలు మొదలైన 48 గంటల లోపు చేసినవారిలో మూత్రం మీద పట్టు తిరిగి రావడం మెరుగ్గా ఉంటుంది. తెలియకుండా మూత్రం కారేదాకా వచ్చిందంటే అప్పటికే ఆలస్యమైనట్టు. అందుకే ధార మందగించిన దశలోనే పరుగెత్తాలి.

రెండో రకం తొందర: పాదం వేలాడటం. దీని సంగతి కింది మెట్టులో ఉంది. జ్వరం, అకారణంగా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ లేదా టీబీ ఉండటం, రాత్రిళ్లు పడుకున్నా తగ్గని నొప్పి లాంటివి ఉంటే అది డిస్క్ కాకపోవచ్చు. వెన్నుపూసల టీబీ మన దగ్గర అరుదేమీ కాదు. ఈ మాట డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి.

రెండో మెట్టు: నరం బలం కొలవండి

నొప్పి ఎంత భయంకరంగా ఉన్నా అది ప్రమాదానికి కొలత కాదు. బలం కొలత. ఒక్కోసారి నొప్పి హఠాత్తుగా తగ్గి, అదే సమయంలో పాదం బలహీనపడుతుంది. చాలామంది 'తగ్గిపోయింది' అని సంతోషించేది సరిగ్గా ఆ రోజే. నిజానికి నరం దెబ్బతింటోందనడానికి అది సూచన కావచ్చు. కాబట్టి రోజూ ఒకే వేళకు, గోడ పక్కన నిలబడి, రెండు కాళ్లనూ పోల్చుతూ ఇవి చేయండి.

1. మడమల మీద పది అడుగులు నడవండి. ఒక వైపు పాదం ముందు భాగం నేలకు తాకుతుంటే ఎల్5 నరం, కొంతవరకు ఎల్4 నరం బలహీనపడ్డట్టు (ఎల్ అంటే నడుము పూసలు, ఎస్ అంటే వాటి కింది త్రికాస్థి; అంకె పైనుంచి వరస).
2. కూర్చుని కాలి బొటనవేలు పైకి లేపి ఉంచండి. ఇంకొకరు వేలితో కిందికి నొక్కాలి. ఒక వైపు తేలిగ్గా దిగిపోతే ఎల్5.
3. గోడ పట్టుకుని ఒంటికాలి మీద, మునివేళ్లపై పదిసార్లు లేవండి. బాగున్న కాలితో పది వచ్చి రెండో కాలితో మూడో నాలుగో వస్తే ఎస్1.
4. మెట్టు ఎక్కేటప్పుడు మోకాలు ముడుచుకుపోతుంటే పై నరాలు, ఎల్3 లేదా ఎల్4.

డాక్టర్లు బలాన్ని 0 నుంచి 5 వరకు లెక్కిస్తారు. 5 అంటే పూర్తి బలం. 4 అంటే ఎదురు ఒత్తిడికి కొంత లొంగుతుంది. 3 అంటే పాదాన్ని లేపగలరు గానీ వేలితో నొక్కితే నిలవదు. మీ చీటీ మీద ఈ అంకె రాయించుకోండి, రేపు పోల్చడానికి పనికొస్తుంది. 4 దగ్గర నిలకడగా ఉంటే గాభరా అక్కర్లేదు, మందులతోనూ కోలుకునేవారు ఎక్కువే. 3 గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటే, లేదా నిన్న 4 ఉన్నది ఇవాళ 3 అయితే నాలుగో మెట్టులో చెప్పే ఆరు వారాల ఓపిక మీకు వర్తించదు. అదే రోజు సర్జన్‌ను కలవాలి. ఈ స్థితిలో ఆపరేషన్ చేస్తే బలం తప్పక వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు, కానీ వారాలు గడిచేకొద్దీ వచ్చే అవకాశం తగ్గుతుంది.

మూడో మెట్టు: బొమ్మకూ బాధకూ పొంతన చూడండి

నొప్పి ఏమీ లేనివాళ్లకు స్కాన్ తీసినా డిస్కులు ఉబ్బి కనబడతాయి. 2015లో ప్రచురితమైన ఒక పెద్ద సమీక్ష ప్రకారం ఏ బాధా లేని ఇరవై ఏళ్లవారిలో 30 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ బల్జ్ (ఉబ్బు) ఉంది. అంటే మీ రిపోర్టులో మూడు డిస్కుల పేర్లుంటే మూడూ దోషులు కావు. సాధారణంగా ఒక్కటే.

పొంతన ఇలా చూస్తారు. ఎల్4-ఎల్5 మధ్య డిస్క్ జారితే మామూలుగా నొక్కుకునేది ఎల్5 నరం. నొప్పి పిరుదు నుంచి తొడ పక్కగా, పిక్క బయటి వైపు దిగి పాదం పైభాగానికి, బొటనవేలికి వస్తుంది. ఎల్5-ఎస్1 డిస్క్ అయితే ఎస్1 నరం: పిక్క వెనక, మడమ, పాదం బయటి అంచు, చిటికెన వేలు. నూటికి తొంభైకి పైగా జారేవి ఈ రెండే. డిస్క్ బాగా పక్కకు జారితే పై నరం నొక్కుకుంటుంది, ఈ మినహాయింపు గుర్తుంచుకోండి. వైపు కూడా కలవాలి. స్కాన్‌లో ఎడమ పక్క నొక్కుడు, నొప్పి కుడికాలులో అయితే ఆపరేషన్ మాట ఎత్తకముందే ఆగాలి.

వెల్లకిలా పడుకోబెట్టి మోకాలు వంచకుండా కాలు లేపితే 30 నుంచి 70 డిగ్రీల మధ్య పిక్క కిందివరకూ కరెంటు కొట్టినట్టు లాగడం నరం నొక్కుడుకు గుర్తు. నొప్పి లేని కాలు లేపినప్పుడు నొప్పి ఉన్న కాలు లాగితే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది.

ఇక్కడే ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. బాసింపట్టు వేసుకుని కూర్చోలేకపోవడం, గజ్జల్లో నొప్పి, కాలు లోపలికి తిప్పితే బాధ: ఇవి తుంటి కీలు లక్షణాలు. తుంటి ఎముకకు రక్తప్రసరణ ఆగిపోయే జబ్బు ఉన్నవారికి నడుము స్కాన్ తీసి, అందులో ఏదో ఒక డిస్క్ కనబడితే దానికి ఆపరేషన్ చేస్తే నొప్పి అలాగే ఉంటుంది. ఈ లక్షణాలుంటే ముందు తుంటి ఎక్స్‌రే, అవసరమైతే తుంటి ఎంఆర్ఐ. షుగర్ ఉన్నవారికి రెండు పాదాలూ సమానంగా మండుతుంటే అది షుగర్ వల్ల నరాలకు వచ్చిన ఇబ్బంది కావచ్చు, దానికి డిస్క్ తీసినా ఫలితం ఉండదు.

డిస్క్ ఎంత పెద్దగా బయటికి వస్తే అంత ప్రమాదమనుకుంటాం. విచిత్రంగా, దానంతటదే కరిగే అవకాశం పెద్ద ముక్కలకే ఎక్కువ. బయటపడ్డ ముక్కను శరీరం పరాయి వస్తువుగా భావించి రక్తకణాలతో తినేస్తుంది. అధ్యయనాలన్నిటినీ కలిపి చూసిన ఒక సమీక్షలో పూర్తిగా తెగిపడ్డ ముక్కలు 96 శాతం, ఎక్స్‌ట్రూజన్లు 70 శాతం మందిలో తగ్గాయి. ఉత్త బల్జ్ మాత్రం 13 శాతం మందిలోనే. ఎమర్జెన్సీ లేకపోతే వేచి చూడటానికి అసలు ఆధారం ఇదే.

నాలుగో మెట్టు: ఆరు వారాలు, కానీ సరిగ్గా

'మందులు వాడాం, తగ్గలేదు' అనే ముందు ఏం వాడారో చూసుకోవాలి. నెలంతా మంచంమీద పడుకోవడం వైద్యం కాదు. నెదర్లాండ్స్‌లో సయాటికా (నరం నొక్కుకుని కాలిలోకి దిగే నొప్పి) రోగులను రెండు వారాలు మంచానికే పరిమితం చేసి, అలా చేయనివారితో పోల్చి చూస్తే ఏ మేలూ కనబడలేదని 1999లోనే తేలింది.

నడక: నొప్పి భరించగలిగినంత వరకు ఐదు పది నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. ఒకేసారి గంట నడవకండి. ఫిజియోథెరపిస్టు చేయించే వ్యాయామంలో గమనించాల్సింది నొప్పి ఎటు కదులుతోందన్నది. పాదంలో ఉన్నది పిక్కకు, పిక్కలో ఉన్నది తొడకు, అలా నడుము వైపు ఎక్కుతుంటే మంచి దారిలో ఉన్నట్టే, నడుము కాస్త ఎక్కువ నొప్పి పెట్టినా సరే. నడుము తేలికై పాదంలో పెరిగితే ఆ వ్యాయామం ఆపండి.

మందులు: నొప్పి, వాపు తగ్గించే మాత్రలు తిన్నాకే వేసుకోవాలి. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు, రక్తం పలచన చేసే మందులు ఉన్నవారు డాక్టరుకు చెప్పకుండా వాడకూడదు. నరాల మందు అని రాసే ప్రీగాబాలిన్ మీద ఆస్ట్రేలియాలో చేసి 2017లో ప్రచురించిన పరిశోధనలో సయాటికా నొప్పికి అది ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేయలేదు, తలతిరుగుడు మాత్రం పెరిగింది. కొన్ని వారాలు వాడినా తేడా లేకపోతే ఎలా తగ్గించి ఆపాలో డాక్టరును అడగండి. ఉన్నట్టుండి మానేయకండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర వారానికి రెండుసార్లు వేయించుకునే సూదుల్లో చాలాసార్లు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. షుగర్ పెరిగేది అందుకే.

ఎపిడ్యూరల్ స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేరే సంగతి. సి-ఆర్మ్ ఎక్స్‌రే సాయంతో సరిగ్గా ఆ నరం దగ్గర వేస్తారు. అది డిస్కును లోపలికి నెట్టదు, వాపు తగ్గించి కొన్ని వారాలు, కొందరికి కొన్ని నెలలు ఉపశమనం ఇస్తుంది. డిస్క్ కరిగేదాకా గడువు దొరుకుతుంది. ఒకటి రెండు సార్లకు తేడా లేకపోతే మూడోదానికి డబ్బు పెట్టవద్దని మా సలహా. షుగర్ ఉంటే తర్వాత కొద్ది రోజులు రీడింగులు పెరుగుతాయి, ముందే సిద్ధపడండి.

ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత నడుము తన్నించుకోవడం, నడుము విరిపించుకోవడం, బరువులు కట్టి లాగించడం: డిస్క్ బయటికి వచ్చి ఉన్నప్పుడు ఇవి చేయకండి. కండరాల పట్టుకు ఉపశమనం ఇచ్చిందని పదిమంది చెప్పినా, జారిన డిస్క్ ముక్కను ఆ దెబ్బ నరం మీదికి ఇంకా నెట్టొచ్చు.

ఈ ఆరు వారాలూ ఒక పుస్తకంలో రోజూ నాలుగు అంకెలు రాయండి: కాలి నొప్పి 0 నుంచి 10లో ఎంత, నడుము నొప్పి ఎంత, ఆగకుండా ఎన్ని నిమిషాలు నడిచారు, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు. కాలి నొప్పి, నడుము నొప్పి విడివిడిగా రాయడం ముఖ్యం, ఎందుకో కింద తెలుస్తుంది.

ఐదో మెట్టు: ఆపరేషన్ ఏమిస్తుంది, ఏమివ్వదు

డిస్క్ ముక్క తీసే ఆపరేషన్ కాలి నొప్పికి మందు. నడుము నొప్పికి కాదు. మీ పుస్తకంలో కాలు 8, నడుము 3 ఉంటే ఫలితం బాగుండే అవకాశం ఎక్కువ. కాలు 3, నడుము 8 ఉంటే, స్కాన్ ఎంత భయంకరంగా ఉన్నా, ఆపరేషన్ తర్వాత నిరాశపడే అవకాశమే ఎక్కువ.

రెండో సంగతి, అది ప్రధానంగా వేగాన్ని ఇస్తుంది. నెదర్లాండ్స్‌లో 6 నుంచి 12 వారాలుగా తీవ్రమైన సయాటికాతో బాధపడుతున్న 283 మందిని రెండుగా విడదీశారు. 2007లో వచ్చిన ఫలితం ప్రకారం త్వరగా ఆపరేషన్ చేయించుకున్నవారు సగటున 4 వారాల్లో, వేచి చూసినవారు సుమారు 12 వారాల్లో కోలుకున్నారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది కోలుకున్నామన్నారు. కానీ వేచి చూసినవారిలో 39 శాతం మంది ఆ ఏడాదిలోపే నొప్పి తాళలేక ఆపరేషన్ చేయించుకున్నారు. ఈ రెండు అంకెల్నీ కలిపి చదవాలి. వేచి చూడటం తప్పు కాదు, మనసు మార్చుకోవడమూ తప్పు కాదు.

అలాగని ఏళ్ల తరబడి వాయిదా వేయడం మంచిది కాదు. కెనడాలో 4 నుంచి 12 నెలలుగా బాధపడుతున్న 128 మంది మీద చేసిన పరిశోధనలో, ఆరు నెలలకు ఆపరేషన్ వర్గంలో కాలి నొప్పి 10కి 2.8 ఉంటే మందుల వర్గంలో 5.2 ఉంది. లక్షణాలు ఆరు నెలలు దాటాక ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఫలితం కొంత తగ్గుతుందని అమెరికా పరిశోధన చెప్పింది. మొత్తం మీద ఎమర్జెన్సీ కానివారికి ఆరో వారం నుంచి ఆరో నెల వరకు ఆలోచించి తేల్చుకునే కాలం. క్యాలెండర్‌లో తేదీ పెట్టుకోండి. ఆ తేదీకి కాలి నొప్పి సగానికి తగ్గకపోతే, నడక నిమిషాలు పెరగకపోతే సర్జన్ దగ్గరకు వెళ్లాలి.

బతుకుతెరువు కూడా తూకంలో వేయాల్సిందే. సెలవు దొరికే ఉద్యోగి మూడు నెలలు ఆగగలరు. రోజు కూలీకి, నాట్ల సీజన్ తప్పితే ఏడాది పోయే రైతుకు ఎనిమిది వారాల తేడా పెద్దది. ఆపరేషన్ త్వరగా ఎంచుకోవడానికి అది సరైన కారణమే. అయితే వెంటనే బస్తాలు మోయవచ్చని కాదు.

కాళ్లు పడిపోతాయన్న భయం గురించి: వెన్నుపాము నడుములో మొదటి, రెండో పూసల దగ్గరే ముగిసిపోతుంది. ఎల్4, ఎల్5 దగ్గర ఉండేవి విడి నరాలు. అందుకే ఇక్కడ రెండు కాళ్లూ చచ్చుబడటం చాలా అరుదు. నిజంగా ఎదురయ్యేవి వేరు: నరాల పొర చిరిగి ద్రవం కారడం, గాయంలో ఇన్ఫెక్షన్, నరానికి దెబ్బ, అరుదుగా పొరపాటు లెవెల్‌లో (వేరే పూసల మధ్య) కోయడం, డిస్క్ మళ్లీ జారడం. అమెరికాలో ఎనిమిదేళ్లు వెంటాడి చూసిన అధ్యయనంలో సుమారు 15 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ పడింది.

ఆరో మెట్టు: ఏ ఆపరేషన్, ఏమడగాలి

మైక్రోడిసెక్టమీలో రెండు మూడు సెంటీమీటర్ల కోత పెట్టి, మైక్రోస్కోప్ కింద నరాన్ని పక్కకు జరిపి, బయటికి వచ్చిన ముక్కను మాత్రం తీస్తారు. డిస్క్ మొత్తం తీసేయరు. ఎండోస్కోపీలో సెంటీమీటరు లోపు రంధ్రం చాలు. నెదర్లాండ్స్‌లో 613 మందితో చేసి 2022లో ప్రచురించిన పోలికలో ఏడాదికి కాలి నొప్పి విషయంలో ఎండోస్కోపీ వెనకబడలేదు. అయితే అది నేర్చుకోవడానికి కాలం పట్టే పని. 'లేజర్', 'కీహోల్' అన్న బోర్డుకన్నా ఆ సర్జన్ చేయి దేనిలో తిరిగిందన్నదే ముఖ్యం.

మొదటిసారి జారిన డిస్క్, ప్రధానంగా కాలి నొప్పి ఉన్నవారికి స్క్రూలు, రాడ్లు సాధారణంగా అక్కర్లేదు. పూస ముందుకు జారి ఉండటం, వంగి తీసిన ఎక్స్‌రేలో పూసలు కదలడం లాంటి కారణాలుంటేనే వాటి మాట. ఫ్యూజన్ (స్క్రూలు, రాడ్లతో పూసలను కలిపేయడం) చేద్దామంటే కారణం అడిగి, రెండో అభిప్రాయం తీసుకోండి. హైదరాబాద్ నిమ్స్, విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్ లాంటి చోట్ల న్యూరోసర్జరీ విభాగాలున్నాయి. రిపోర్టు కాగితంతో పాటు స్కాన్ ఫిల్ములు లేదా సీడీ తీసుకెళ్లాలి. సర్జన్ చూసేది బొమ్మనే.

సర్జన్‌ను ఇవి అడగండి, జవాబులు రాసుకోండి:

- ఏ లెవెల్, ఏ వైపు, ఏ నరం? నా నొప్పికీ దానికీ పొంతన ఉందా?
- ఇంకో ఆరు వారాలు ఆగితే నాకు ప్రత్యేకంగా వచ్చే నష్టం ఏమిటి?
- తగ్గేది కాలి నొప్పా, తిమ్మిరా, బలహీనతా? ఒక్కోదానికి ఎంత కాలం?
- ఈ ఆపరేషన్ మీరు నెలకు ఎన్ని చేస్తారు? పొర చిరిగితే ఏం చేస్తారు?
- ఆపరేషన్ సమయంలో లెవెల్‌ను ఎక్స్‌రేతో సరిచూస్తారా?

చిరాకు పడకుండా వీటికి జవాబిచ్చే డాక్టరు దొరికితే సగం భయం పోతుంది.

ఏడో మెట్టు: ముందు సర్దుకోవలసినవి

షుగర్ మూడు నెలల సగటు బాగా ఎక్కువుంటే, తొందర లేని ఆపరేషన్ అయితే, ముందు దాన్ని దించాలి. లేకపోతే గాయం మానదు. సిగరెట్, బీడీ కనీసం నాలుగు వారాల ముందే మానాలి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివి ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరే చెప్పాలి. గుండెలో స్టెంట్ ఉన్నవారు సొంతంగా ఆపడం ప్రాణాంతకం.

ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ, ఆయుష్మాన్ భారత్ కార్డు ఉంటే నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను ముందే కలిసి, మీకు చేయబోయే ఆపరేషన్ పేరు ప్యాకేజీలో ఉందో లేదో కనుక్కోండి. ప్రైవేటు ఆరోగ్య బీమా పాలసీల్లో చాలావాటికి డిస్క్ జబ్బు మీద 24 నెలల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. పాలసీ కాగితంలో ఆ పేజీ చదవకుండా అడ్మిట్ అవకండి.

ఆపరేషన్ తర్వాత

అదే రోజు లేదా మర్నాడు నడిపిస్తారు. కాలి లాగుడు చాలామందికి లేచిన వెంటనే తగ్గినట్టు తెలుస్తుంది. తిమ్మిరి తగ్గడానికి నెలలు పడుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. బలహీనతకు ఏడాది వరకు సమయం ఇవ్వాలి.

మొదటి ఆరు వారాలు ఐదు కిలోలకు మించి ఎత్తకూడదు. నిండు బిందె, మంచినీళ్ల క్యాను, ముప్పై కిలోల దాకా తూగే నిండు గ్యాస్ సిలిండర్, మారాం చేసే మనవడు అందరూ ఈ లెక్కలోకే వస్తారు. నేలమీద కూర్చుని భోంచేయడం, వంగి ఊడవడం, ఇండియన్ టాయిలెట్ ఆపండి. వెస్ట్రన్ కమోడ్ లేకపోతే మధ్యలో రంధ్రం ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపుల్లో దొరుకుతుంది, ఆసుపత్రికి వెళ్లకముందే కొని ఉంచండి. కుర్చీ పని చేసేవారు సాధారణంగా రెండు నుంచి ఆరు వారాల్లో తిరిగి వెళ్తారు. మోటారు సైకిల్ సర్జన్ సరేనన్నాకే. బరువు పనికి మూడు నెలలు.

జ్వరం, గాయం నుంచి రసి లేదా నీరు కారడం, లేచి కూర్చుంటే తలనొప్పి వచ్చి పడుకుంటే తగ్గడం, పిక్క వాచి నొప్పి పెట్టడం, కొత్తగా బలహీనత, మూత్రం బిగుసుకుపోవడం: వీటిలో ఏది వచ్చినా ఫోన్‌లో సలహా అడగడంతో సరిపెట్టకండి, ఆసుపత్రికి వెళ్లండి.

కొన్ని నెలలు బాగుండి మళ్లీ అదే కాలు లాగితే వెంటనే రెండో ఆపరేషన్ అనుకోవద్దు. బలం పడిపోనంతవరకు మళ్లీ రెండో మెట్టు నుంచి మొదలుపెట్టాలి. ఈసారి ఎంఆర్ఐ కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌తో తీయించమంటే కారణం ఉంది: కొత్తగా జారిన డిస్కునూ పాత గాయపు మచ్చనూ వేరుచేసి చూపేది అదే. మచ్చకు మళ్లీ కోత పెట్టినా లాభం అంతగా ఉండదు.

మెడ డిస్క్ అయితే

మెడలో వెన్నుపాము ఉంటుంది. చొక్కా గుండీలు పెట్టుకోవడం, అన్నం కలుపుకోవడం, సంతకం చేయడం తడబడుతుంటే, నడకలో తూలుతుంటే, కాళ్లు బిగుసుకుంటుంటే అది వెన్నుపాము నొక్కుకుంటున్న గుర్తు. నొప్పి ఏమీ లేకపోయినా సరే. ఇక్కడ ఆరు వారాలు వేచి చూసే పద్ధతి పనికిరాదు. పోయిన పట్టు పూర్తిగా తిరిగి రాకపోవచ్చు కాబట్టి, ఉన్నది పోకుండా కాపాడటానికే ఆపరేషన్ చేస్తారు. చేతిలోకి మాత్రమే నొప్పి దిగుతూ, ఈ గుర్తులేవీ లేకపోతే, పైన చెప్పిన ఓపిక వీరికీ చెల్లుతుంది.